లెమ్మనే హక్కు

బల్ల మీద సాంబారు ఒలికి ఉంది, తుడవాలి, గుడ్డ చేతిలోనే ఉంది, అయినా దాలమ్మ చెయ్యి కదల్లేదు, గోడ గడియారం కేసి చూసింది, పదీ అయిదు, పదకొండుకి తాళం పట్టుకుని వస్తానన్నాడు వెంకటరావు బావ, అన్నాడంటే వస్తాడు, ముప్ఫై ఎనిమిదేళ్ళ రైల్వే సర్వీసులో వర్క్‌షాపు సైరన్ మోగాక గేటు దాటిన రోజు ఒక్కటీ లేని మనిషి, రిటైరై పన్నెండేళ్ళయినా ఎక్కడికైనా అయిదు నిమిషాల ముందే వెళ్ళి నిలబడతాడు, అంటే యాభై నిమిషాలు, యాభై నిమిషాల్లో ఏం చెయ్యొచ్చు, రేపటికి మినప్పప్పు నానబెట్టొచ్చు, నానబెట్టాలా, రేపు షాపు తెరుచుకుంటుందా, ఎందుకు తెరుచుకోదు, తెరుస్తాను, రోజూ నానబెట్టినంతా నానబెడతాను, ఒక్క గుప్పెడు కూడా తగ్గించను అనుకుంది, అనుకున్నదే తడవుగా లేచి డబ్బా మూత తీసి పప్పు గిన్నెలో పోసి నీళ్ళు వదిలింది, రెండుసార్లు కడిగే పప్పుని నాలుగుసార్లు కడిగింది. భయం కాదిది, కోపం కూడా పూర్తిగా కాదు, యాభై ఎనిమిదేళ్ళ ఒంట్లో ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలియని మాట ఒకటి ఇవాళ బయటికి వచ్చేసింది, వచ్చేశాక ఒళ్ళు దాన్ని ఇంకా నమ్మలేకపోతోంది, అంతే.

ఇదంతా జరిగి అరగంట అయింది. రాత్రి డ్యూటీ దిగి తబిత వచ్చింది, స్టేషను ఊడ్చే కాంట్రాక్టులో సూపర్‌వైజరు, మెరిసే పట్టీలున్న నారింజరంగు కోటు ఇంకా ఒంటి మీదే ఉంది, వెనక ఇద్దరు ఆడవాళ్ళు, అదే కోటు. ఫ్యాను కింద బల్ల ఖాళీగా ఉంటే కూర్చున్నారు, దోసెలు చెప్పారు. ఆ బల్ల దగ్గర రోజూ వెంకటరావు బావ కూర్చుంటాడు, ఆయనా గుడి కమిటీ వాళ్ళు నలుగురూ, తాల్‌బగీచా పేట దాకా నడిచి వెనక్కి వస్తూ ఇక్కడ ఆగుతారు, పదకొండేళ్ళుగా అదే బల్ల, కానీ బల్ల మీద ఎవరి పేరూ రాసి లేదు, ఖాళీగా ఉన్నది ఎవరికైనా ఖాళీయే. వెంకటరావు బావ వచ్చి గుమ్మంలో ఆగాడు. చేతికర్ర గోడకి ఆనించాడు. తబిత కేసి చూడలేదు, చూడకుండానే అన్నాడు.

“దాలమ్మా, ఆలని బయట బల్ల మీద కూకోమను.”

“బయట ఎండగుంది బావగోరు. మీకు ఇటేపు బల్ల తుడిసి ఇస్తాను, రండి.”

“ఎండ ఆలకి కొత్తేటి?”

తబిత సగం లేచింది, పర్లేదు మాసీ, అయిపోవొచ్చింది అంది, అయిపోలేదు, ప్లేటులో ముప్పాతిక దోసె అలాగే ఉంది. కూకో, అంది దాలమ్మ. గట్టిగా అనలేదు, పెనం మీంచి తల ఎత్తకుండా అంది. అప్పుడు ఆయన రెండడుగులు లోపలికి వేసి, చేత్తో కూడా కాదు, కర్ర కొసతో, ఆ ప్లేటుని నెట్టాడు. సాంబారు గిన్నె తబిత కోటు మీద ఒలికింది, స్టీలు ప్లేటు కిందపడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది, అది ఆగేదాకా షాపులో అందరూ దాన్నే చూశారు.

“నానుండాల, ఆలుండాల. ఒకటి సెప్పు. ఆ బోర్డేటనుకున్నావు? నానే రాయించినాను.”

బోర్డు నిజమే, ఆయనే రాయించాడు, నాలుగేళ్ళ క్రితం షాపుకి కొత్తగా రంగులు వేయించినప్పుడు పెయింటరుని పిలుచుకొచ్చి గుమ్మం పక్కన ఎర్రక్షరాలతో ఇంగ్లీషులో రాయించాడు, లోపలికి ఎవరిని రానివ్వాలో మా ఇష్టం అని దానర్థమట, అందరు షాపులవాళ్ళూ పెట్టుకుంటారమ్మా అన్నాడు, ఎవరి కోసమో ఆయన చెప్పలేదు, తనకి తెలుసు, తెలిసీ ఊరుకుంది, అక్షరాలు అందంగా ఉన్నాయి కదా అని కూడా అనుకుంది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి అన్న మాట మాత్రం ఆ బోర్డు నేర్పింది కాదు.

“మీరు బయటికి నడవండి బావగోరు.”

ఆయన ముఖం అప్పుడెలా అయిందో ఇప్పుడు తలుచుకోవడం కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ ముఖం ఆమెకి చెడ్డ ముఖం కాదు. మొదట్లో ఇదంతా నాలుగు వెదురు కర్రలూ ఒక రేకూ, కూతురు ఇందు చంటిపిల్ల, మునిసిపాలిటీ లారీ వచ్చి రేకు పీకేస్తుంటే ఎక్కడి నుంచో సైకిలు తొక్కుకుంటూ వచ్చి లారీ ముందు సైకిలు పడేసి దాని మీద కూర్చున్నది ఈయనే, ముందు నన్ను ఎత్తండి దాదా, తరవాత రేకు ఎత్తండి అని బెంగాలీలో అరిచాడు. ఈ వరసలో పక్కా షాపులు కట్టినప్పుడు షాపుల కమిటీ చుట్టూ తిరిగి ఒకటి దాలమ్మ పేరు మీద రాయించాడు, మొగుడు తవిటయ్య పోయినప్పుడు పదమూడు రోజులూ కార్యమంతా దగ్గరుండి జరిపించాడు, ఇందుని లా చదివించవమ్మా, నోరున్న పిల్ల అన్నదీ ఆయనే. ఆయన కూడా ఒకప్పుడు గెంటివేయబడ్డవాడే, రోజూ అదే కథ, కొత్తగా రైల్వేలో ఖలాసీ పనికి చేరినప్పుడు బజారులో ఒక హోటలువాడు గ్రీజు బట్టలతో లోపలికి రావద్దని రెక్క పట్టి బయటికి తోశాడట, మర్నాడు నలభై మందిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడ్డాడట, హోటలువాడు చేతులు జోడించి లోపలికి పిలిచి టీ పోశాడట, మా ఒంటి మీదున్నది గ్రీజు అమ్మా, పాపం కాదు అని ముగిస్తాడు ప్రతిసారీ, ఎన్నిసార్లు విన్నదో, విన్న ప్రతిసారీ ఆమెకి ఒళ్ళు పొంగేది. ఆ మనిషేనా, కర్ర కొసతో ప్లేటు నెట్టింది. ఆ మనిషే. ఇంకొకరెవరో అయితే ఇంత కష్టం ఉండేది కాదు, తాగొచ్చి అల్లరి చేసినవాళ్ళని ఎంతమందిని పంపలేదు, ఒకడి మీద నీళ్ళు కూడా పోసింది.

తబిత లేచింది. ప్లేటు తీసి కడిగేచోట పెట్టి, కోటు విప్పి మడత పెట్టుకుని, మిగతా ఇద్దరినీ తీసుకుని వెళ్ళిపోయింది. వెంకటరావు బావ రోడ్డు మీద నిలబడి, పదకొండుకి షాపుల కమిటీతో ఒస్తాను, తాళం ఎలాగ పడదో సూస్తాను అన్నాడు. గుడి కమిటీ వాళ్ళు ఆయన వెనకే వెళ్ళారు. అప్పటికి తింటున్న మిగతావాళ్ళు కూడా చేతులు కడుక్కుని ఒక్కొక్కరే జారుకున్నారు, ఎవరికి వాళ్ళకి ఏదో పని గుర్తొచ్చింది.

పదీ ఇరవై. బ్యాటరీ టోటో రిక్షా ఒకటి గుమ్మం ముందు ఆగి, లోపల ఎవరూ లేరని చూసి వెళ్ళిపోయింది. ఇందుకి ఫోన్ చేసింది. ఇందు మేదినీపూర్ కోర్టులో ఒక పెద్ద లాయరు దగ్గర జూనియరు, ఫోన్లో వెనక మనుషుల రొద, టైపు మిషన్ల చప్పుడు.

“ఏటైంది అమ్మా, ఈ టైములో?”

“ఒకటి సెప్పు. నా షాపులోకొచ్చిన మనిషిని నాను పొమ్మనొచ్చా?”

అంతా విన్నాక ఇందు ముందు, వెంకటరావు పెదనాన్ననా అని మాత్రం అడిగింది, తరవాత కోర్టు గొంతు వచ్చేసింది పిల్లకి, అమ్మా సరిగ్గా విను, షాపు నీది, లోపలికి రావడానికి నువ్విచ్చేది అనుమతి, ప్లేటు తోసినవాణ్ణి, తిట్టినవాణ్ణి, పక్కవాళ్ళని తిననివ్వనివాణ్ణి పొమ్మనొచ్చు, పొమ్మన్నాక పోకపోతే తప్పు అతనిది, కానీ కులం చూసి, మతం చూసి ఎవరినీ రావద్దనడానికి లేదు, అది రాజ్యాంగంలోనే ఉంది, షాపులూ హోటళ్ళూ అని పేరు పెట్టి మరీ రాశారు, ఏ బోర్డూ దానికన్నా పెద్దది కాదు. తాళం సంగతి అడిగింది దాలమ్మ. కాగితం నీ పేరు మీదుంది, కోర్టు ఆర్డరు లేకుండా ఎవరూ తాళం వెయ్యలేరు అంది ఇందు, నేను వచ్చేనా అని కూడా అంది, వద్దంది, రావడానికి గంట పడుతుంది, అప్పటికి ఏదో ఒకటి అయిపోతుంది. పెట్టెయ్యబోతూ ఆగింది.

“కులం సూసి బయట నిలబెడితే నేరమా?”

“నేరమే. జైలు కూడా ఉంది.”

“ఎన్నాళ్ళ కిందటిదైనా?”

“ఎందుకమ్మా?”

“ఊరికే.”

ఊరికే కాదు. ఇప్పుడు గోడకి బయట మీటరు పెట్టె ఉన్నచోట, అప్పట్లో వెదురు కర్రకి ఒక మేకు ఉండేది. మేకుకి సొట్టపోయిన సత్తు గ్లాసు. అది సువార్తమ్మ గ్లాసు. సువార్తమ్మ తబిత తల్లి, మన శ్రీకాకుళం వైపు మనిషే, వాళ్ళ తాతలూ రైలు కట్టిన రోజుల్లోనే వచ్చారు, దాలమ్మ మావగారి తండ్రి వచ్చినట్టే, ఒకే బండిలో వచ్చి ఉంటారేమో కూడా, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ క్వార్టర్ల లైను చివర, మన లైను ఇవతల, నడుమ ఒక కాలువ, అంతే దూరం, అయినా టీకి వచ్చిన మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ పేరు పెట్టి పిలిచినట్టు గుర్తు లేదు. రైలు పట్టాల మధ్య ఊడ్చి వచ్చేది, గ్లాసు తనే తీసుకునేది, దాలమ్మ పైనుంచి టీ పోసేది, అంచు తగలకుండా ఎంత ఎత్తు నుంచి పొయ్యాలో చేతికి బాగా అలవాటైపోయింది, సిగ్గుపడాల్సిన చోట నేర్పు చూసుకుని మురిసింది ఈ చెయ్యి. ఒక వానాకాలం పొద్దున్న, ఆవిడకి ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రేకు మీంచి నీళ్ళు దారలా ఆవిడ భుజం మీదే పడుతున్నాయి, లోపల బెంచీ మీద సగం ఖాళీ ఉంది. కాసేపు లోపల కూకోనా అమ్మగోరూ, వాన తగ్గేదాక, అని అడిగింది. అడగడమంటే ఎంత నెమ్మదిగా, తనకే వినబడకూడదన్నట్టు. దాలమ్మ లోపల కూర్చున్నవాళ్ళ కేసి చూసి, గిరాకీలున్నారు, తరవాత రా అంది. సువార్తమ్మ ఆ వానలోనే నిలబడి టీ తాగింది, వాన నీళ్ళతోనే గ్లాసు కడిగింది, మేకుకి తగిలించింది, వెళ్ళింది. లోపల కూర్చున్న వెంకటరావు బావ, బాగా సేసినావు, ఒకసారి రానిస్తే మరి ఆగరు అన్నాడు. ఆ మాట తనకి మెచ్చుకోలుగానే తగిలింది, దాచుకోవడం దేనికి, సంతోషమే కలిగింది. తవిటయ్య కూడా ఉన్నాడు ఆ రోజు, వర్క్‌షాపులో సమ్మెట మోతకి సగం చెవులు పోయిన మనిషి, ఆ చిన్న గొంతు ఆయనకి వినబడి ఉండదనుకుంది. మర్నాటి నుంచీ ఆయన తన టీ బయట నిలబడి తాగడం మొదలుపెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు, ఎండైనా వానైనా, పక్కా షాపు కట్టాకైనా, పోయేదాకా సొంత షాపులో ఆయన లోపల కూర్చుని టీ తాగలేదు.

పదీ ముప్ఫై అయిదు. గుడ్డ తీసి ఇప్పుడు తుడిచింది బల్లని, సాంబారు ఎండి అంచులు కట్టింది, గోటితో గీకాల్సి వచ్చింది. సువార్తమ్మ ఆ తరవాత రాలేదు. కొన్నాళ్ళకి రోడ్డవతల ఒక బీహారీ కొత్తగా టీ కొట్టు పెట్టాడు, అక్కడ కనబడింది ఆవిడ, చెక్కబల్ల మీద కాళ్ళు మడిచి కూర్చుని, మట్టి ముంతలో టీ తాగుతూ, పక్కావిడతో ఏదో అంటూ నవ్వుతోంది. ఆవిడ కూర్చుంటే అలా ఉంటుందని దాలమ్మకి తెలియదు, మూడేళ్ళు రోజూ చూసి కూడా ఆవిడ కూర్చోగా చూడలేదు, పళ్ళు ఎలా ఉంటాయో చూడలేదు. ఆ నవ్వు చూసి తనకి కోపం వచ్చింది ముందు, తరవాత ఇంకేదో వచ్చింది, దానికి పేరు పెట్టడానికి ఇష్టపడలేదు, మేకు మీది గ్లాసు మాత్రం ఆ సాయంత్రమే పాత సామాన్లవాడికి వేసేసింది. అలా వేసెయ్యగానే అంతా సరిపోయిందనుకుంది, ఒకరోజు వెళ్ళి పిలుద్దాం అనుకుంది, రేపు, ఎల్లుండి, కాలువ దాటితే ఆవిడ ఇల్లు, కాలువ దాటడానికి పదడుగులు, ఆ పదడుగులూ వెయ్యకముందే సువార్తమ్మ పోయిందని తెలిసింది, ఏ జబ్బో కూడా సరిగా తెలియలేదు. తరవాత ఎన్నో ఏళ్ళకి తబిత వచ్చింది, గుమ్మంలో ఆగలేదు, అడగలేదు, నేరుగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని రెండు ఇడ్లీ, ఒక గారె అంది, తల్లి ముఖమే, ఆ పళ్ళే. దాలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తరవాత ప్లేటు పెట్టింది. తబిత ఆ ఆగడం చూసింది, చూసి తింది. తెలుగులో ఏమని పిలవాలో తేల్చుకోలేకో ఏమో బెంగాలీలో పిన్నీ అన్నట్టు మాసీ అంటుంది, అమ్మగోరూ అనదు, ఎన్నడూ అనలేదు. తల్లి సంగతి ఆ పిల్లకి తెలుసో లేదో దాలమ్మకి తెలియదు, అడగడానికి ధైర్యం చాల్లేదు, మరి ఇవాళ ఈ ధైర్యం ఎవరిది.

పదీ యాభై. నన్ను జైల్లో పెట్టాల్సిందే అనుకుంది, ఇందు చెప్పిన లెక్కన ఆ మేకు దిగేసిన రోజే పెట్టాల్సింది, పెట్టలేదు, అందరూ మంచి మనిషి అంటూ వచ్చారు. అయితే ఏం చెయ్యాలి, నేను తప్పు చేశాను కాబట్టి ఇప్పుడు బావ చేస్తుంటే నోరు మూసుకోవాలా, అదెక్కడి న్యాయం, తప్పు చేసినదాన్ని కాబట్టే నాకు బాగా తెలుసు, ఎంత ఎత్తు నుంచి పోస్తారో, ఏ మాట అంటారో, లోపల కూర్చున్నవాడు మెచ్చుకుంటే ఎలా ఉంటుందో. గుడి కమిటీ వాళ్ళు ఇక రారు, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ రారు, పెళ్ళిళ్ళకి గారెలు చెప్పేవాళ్ళు చెప్పరు, లైనులో ఆడవాళ్ళు కుళాయి దగ్గర ముఖం తిప్పుకుంటారు, తిప్పుకోనీ, వాళ్ళ మెడలు వాళ్ళవి. స్టవ్ వెలిగించింది. పెనం వేడెక్కుతుంటే మనసు కుదుటపడింది, పెనం ముందు నిలబడితే ఆమెకి ఎప్పుడూ అంతే.

ముందు చెప్పుల చప్పుడు. తల ఎత్తితే తబిత, ముఖం కడుక్కుంది, పచ్చ చుడీదారు వేసుకుంది, వెనక ఆరుగురు, కొందరు ఇంకా కోట్లలోనే, ఒకావిడ చంకలో నిద్రపోతున్న పిల్ల. లోపలికి వచ్చి నాలుగు బల్లల దగ్గరా సర్దుకుని కూర్చున్నారు. తబిత ఫ్యాను కింద కూర్చుంది.

“దోసె సగంలో ఒదిలీసి ఎల్లిపోనాను కదా మాసీ,” అంది. “ఆకలేస్తంది.”

“తెలిసే ఒచ్చినావా, ఆలొస్తారని?”

“తెలిసే. మా అమ్మ ఈ షాపు గురించి సెప్పింది నాకు. అంతా సెప్పింది.”

దాలమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తబిత గొంతులో కోపం లేదు, క్షమించినట్టూ లేదు, ఊరికే చెప్పింది, వాన పడిందని చెప్పినట్టు. జవాబుగా ఏమన్నా అది చిన్నదే, తప్పు సేసినాను అంది దాలమ్మ, అందరూ వినేలా అంది. తెలుసు, అంది తబిత, నువ్వు ఆయన్ని పొమ్మనకపోతే ఇయ్యాల నాను మరి వచ్చీదాన్ని కాదు. అంతలో గుమ్మం దగ్గర కర్ర చప్పుడు అయింది, పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువ.

వెంకటరావు బావ, షాపుల కమిటీ వాళ్ళు ముగ్గురు, వాళ్ళలో చివర మందుల షాపు ఘోష్ బాబు. బావ చేతిలో నిజంగానే తాళం ఉంది, కొత్తది, ఇంకా అట్టకే అతికించి ఉంది. లోపల మనుషుల్ని చూసి ఆగాడు. ఎంతమంది ఉంటారని ఊహించాడో తెలియదు, ఎవరూ ఉండరనే అనుకుని ఉంటాడు. ఘోష్ బాబు హిందీలో, దీదీ, గొడవెందుకు, వీళ్ళందరినీ ఒకసారి లేవమనండి, షాపు కట్టేసి కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు, ఆయన గొంతులో నిజంగానే బతిమాలడం ఉంది. బావ ఆయన మాట పూర్తికానివ్వలేదు, లోపలున్న ఆడవాళ్ళ కేసి తిరిగి, ఈసారి చూస్తూనే అన్నాడు.

“లెగండి.”

ఏడుగురూ దాలమ్మ కేసి చూశారు. చంకలో పిల్ల ఉన్నావిడ కుర్చీ అంచుకి వచ్చింది. దాలమ్మ గరిటె పిండిగిన్నెలో పెట్టేసి గుమ్మం దాకా వెళ్ళింది, ఆయనకి మూడడుగుల దూరంలో నిలబడింది, మడతలుపడిన ఆ ముఖం, సైకిలు మీద కూర్చుని లారీని ఆపిన ఆ ముఖం, దాన్ని చూస్తూ మాట్లాడటం కష్టమే, అయినా చూస్తూనే మాట్లాడింది.

“ఈలు నా గిరాకీలు. ఈలని లెగమనీ హక్కు ఈ ఊర్లో నాకొక్కద్దానికే ఉంది. నాను లెగమన్ను.”

“అంటే నన్ను పోమంటావా? నన్ను? నిన్నిక్కడ నిలబెట్టినోణ్ణి.”

“నిలబెట్టినారు. సచ్చీదాకా సెప్పుకుంటాను. అయినా పోమన్నాను, ప్లేటు తోసినారు గనక. మీ కులం సూసి అన్నేదు, నాదీ అదే కులం. తాళం ఎయ్యాలంటే కోర్టు కాయితం తెండి.”

ఘోష్ బాబు వెంకటరావు చేతిలో తాళం కేసి చూశాడు, కోర్టు అన్నాక ఆయన ముఖంలో సందేహం వచ్చింది, మనకెందుకు దాదా అని భుజం మీద చెయ్యి వేసి, తను మెట్టు దిగాడు. కమిటీలో మిగతా ఇద్దరూ రోడ్డు మీదికి దిగి నిలబడ్డారు, దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కలేదు. ఆయనొక్కడే గుమ్మంలో మిగిలాడు. ఎండకి తల మీద చెమట పట్టింది, అట్టకున్న తాళం చేతిలో ఊగుతోంది, తబిత కేసి చూశాడు, తబిత చూపు తిప్పుకోలేదు. పెనం మీద నూనె పొగ వస్తోంది, మాడిపోతుంది, వెళ్ళాలి, దాలమ్మ వెళ్ళలేదు, ఆయన కదిలేదాకా కదలకూడదు అనుకుంది, కాళ్ళు నొప్పెట్టినా సరే, సాయంత్రం దాకా అయినా సరే. చివరికి ఆయన తాళం సంచిలో వేసుకున్నాడు, కర్ర తీసుకున్నాడు, మెట్టు దిగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. రోడ్డు మీదికి వెళ్ళాక వెనక్కి తిరిగాడు.

“రేపు మళ్ళీ ఒస్తాను దాలమ్మా.”

అది బెదిరింపో, అలవాటో, ఆయనకే తెలియనట్టు ఉంది గొంతు. దాలమ్మకి తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

“రండి బావగోరు, అయిదున్నరకి తీస్తాను,” అంది. “ఏ కుర్సీ కాళీగుంటే ఆ కుర్సీలో కూకోండి.”